నారింజ ద్రావణంలో జంట గీతలు

రామన్ వర్ణపటాల మీద పని చేయాలని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది పరికరాల గురించే. ఎంత పెద్దవి ఉండేవి, ఎక్కడి నుంచి తెప్పించారు, ఎంత కచ్చితంగా కొలిచేవి అని. వాటికి జవాబులు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ పనిలో ఉన్న మనిషి రోజంతా నిజంగా ఏం చేస్తాడన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. నేను చేసింది చెప్తాను. నీళ్లు పారుతున్నాయా లేదా చూశాను. దుమ్ము తుడిచాను. దీపం ఆరిపోకుండా కాపలా కాశాను. మధ్యమధ్యలో రాళ్లు కొట్టేవాళ్లతో బేరాలాడాను. ఇదంతా అయ్యాక గాజు పలక మీద, భూతద్దం పెడితే తప్ప కనబడని గీత ఒకటి వచ్చేది. రాకపోతే మళ్లీ మొదటికి.

నాకు ఏ హోదా ఎప్పుడొచ్చిందో ఇక్కడ రాయడం లేదు. క్రోమియం మీద చేసిన పని ఒక్కటే రాస్తున్నాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది చాలావరకు అక్కడే నేర్చుకున్నాను. ఆ పని బాగా చేశామని నా నమ్మకం. ముసలితనంలో వినయం నటించే ఓపిక నాకు లేదు.

గుట్ట కింద బంగళా

మా ప్రయోగశాల పంజాగుట్ట వాలు మీద, ఎవరో నవాబు వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్న పాత బంగళాలో ఉండేది. చుట్టూ సీతాఫలం పొదలు, బండరాళ్లు. సాయంత్రం అయితే ఆ దారిన టాంగా కూడా వచ్చేది కాదు. నేను అమీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకొని పొద్దున్నే కూరగాయల మడుల గట్ల మీదుగా నడిచి వచ్చేవాణ్ణి. అమీర్‌పేట అప్పటికి ఊరే. పట్నం పోయి వస్తానని అక్కడివాళ్లు చెప్పి బయలుదేరేవారు.

ఆ బంగళాను ఎంచుకున్నది మా పెద్దాయన, డాక్టర్ వహీద్ సాబ్. దాని గోడలు మనిషి చాచిన చేయంత మందం. బయట ఎండ మండిపోతున్నా లోపలి గదిలో వేడి పెద్దగా మారేది కాదు. మా పనికి అది ప్రాణం. వర్ణపటాన్ని ఫొటో పలక మీదికి ఎక్కించడానికి రోజుల తరబడి వెలుగు పడనివ్వాలి. ఆ రోజుల్లో గది వేడెక్కినా చల్లబడినా పరికరంలోని పట్టకం ఆ కాస్తకే పక్కకు జరిగినట్టవుతుంది, గీత అలికినట్టు పడుతుంది.

డాక్టర్ సాబ్ విలాయత్‌లో చదివొచ్చిన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. నేను చదివింది ఉర్దూలో పాఠాలు చెప్పే మన విశ్వవిద్యాలయంలో. వర్ణపటాన్ని మేం ‘తైఫ్’ అని చదువుకున్నాం. బయటి రాష్ట్రాల వాళ్లు దాన్ని విని నవ్వేవారు. డాక్టర్ సాబ్ నవ్వలేదు. ఉద్యోగానికి పోయినరోజు ఆయన నన్ను అడిగింది ఒక్కటే: ఒక పని రోజుల తరబడి ఏమీ జరగకుండా నడుస్తుంటే దాని పక్కన కూర్చోగలవా అని. కూర్చుంటానన్నాను. ఆ మాట మీదే తీసుకున్నారు.

మాతో ఉన్న మూడో మనిషి సుబ్బారావు గారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. ద్రావణాలు తయారుచేయడం, వాటిని దుమ్ము కణం లేకుండా వడకట్టడం ఆయన పని. ఒకసారి వడకట్టింది తృప్తిగా అనిపించకపోతే పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. ఆయనతో పని చేయడం విసుగు. ఆయన లేకుండా పని చేయడం వృథా. రెండూ నాకు అనుభవమే.

వెలుగును మింగే రంగు

రామన్ వర్ణపటం అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకే రంగు వెలుగును ఒక ద్రావణంలోకి పంపితే, అది చెదిరి పక్కలకు వస్తుంది. దాదాపు అంతా పంపిన రంగుతోనే వస్తుంది. అతి కొద్ది భాగం మాత్రం కొంచెం రంగు మార్చుకొని వస్తుంది. ఎంత మార్చుకుందన్నది అణువులోని బంధాలు ఎలా ఊగుతున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ మారిన వెలుగే పలక మీద సన్న గీతగా పడుతుంది. అంటే ఆ గీతలు చదివి, కంటికి ఎన్నడూ కనబడని అణువు ఎలా కట్టబడి ఉందో చెప్పవచ్చు.

మాకు వెలుగిచ్చేది పాదరసం దీపం. అది నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో విడివిడిగా వెలుగుతుంది. అందరూ నీలం వాడేవారు, దానితో గీతలు బాగా పడతాయి. అందుకే అందరూ నీళ్లలా రంగు లేని ద్రవాలే ఎంచుకునేవారు. డాక్టర్ సాబ్ క్రోమియం ఎంచుకున్నారు. క్రోమేటు ద్రావణం పసుపు, దానిలో ఆమ్లం పోస్తే నారింజ. రెండూ నీలం వెలుగును మింగేస్తాయి. ఏమీ బయటికి రాదు.

ఆ నారింజ రంగు నాకు కొత్త కాదు. మా నాన్న నూలుకు రంగులద్దేవాడు. లాల్ కసీస్ అనే నారింజ పలుకులను నీళ్లలో కరిగించి, రంగు నిలవడానికి నూలును అందులో ముంచేవాడు. కాలేజీకి వచ్చాక దాని పేరు డైక్రోమేటు అని చదువుకున్నాను. డాక్టర్ సాబ్ ఆ సీసా బల్ల మీద పెట్టినప్పుడు, నాకు తెలిసిన మనిషి ఆ గదిలోకి వచ్చినట్టు అనిపించింది.

మా ముందున్న ప్రశ్న చిన్నది. పసుపు క్రోమేటులో ఒక క్రోమియం చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి. నారింజ పలుకులో అలాంటివి రెండు కలిసి, మధ్యలో ఒక ఆక్సిజన్‌ను వంతెనలా పంచుకుంటాయి. పలుకును నీళ్లలో కరిగించాక కూడా ఆ వంతెన నిలుస్తుందా, లేక తెగి రెండు ముక్కలవుతుందా? సుబ్బారావు గారు నిలుస్తుందనేవారు. తెగుతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. వంతెన ఉంటే అది ఊగాలి. ఊగితే దానికంటూ ఒక గీత పడాలి. ఆ గీతను చూపించడమే మా పని.

నీలం కుదరదు కాబట్టి ఆకుపచ్చ వెలుగు వాడాం. అయితే దీపంలోని పసుపు వెలుగు, మేం వెతికే గీతల పక్కనే మిడిసిపడుతూ పలకంతా మసక చేసేది. దాన్ని దారిలోనే ఆపాలి. యుద్ధం మొదలై బయటి నుంచి సామాన్లు రావడం ఆగిపోయిన రోజులవి. గాజు కరిగించే కార్ఖానాల్లో కళ్లకు పెట్టుకొనే లేత ఊదారంగు అద్దాలు సరిగ్గా ఆ పసుపునే మింగుతాయని డాక్టర్ సాబ్ ఎక్కడో చదివారు. సుబ్బారావు గారి బావమరిది ఒక గాజు కార్ఖానాలో ఉండేవాడు. అతను పంపిన పాత కళ్లద్దాల నుంచి అద్దాలు ఊడదీసి దీపానికీ ద్రావణానికీ మధ్య నిలబెట్టాం. పసుపు ఆగింది. ఆకుపచ్చ వచ్చింది. పసుపు క్రోమేటు గీతలు పలక మీద శుభ్రంగా పడ్డాయి. మొదటి పలకను ఎండలో పట్టుకొని చూసి సుబ్బారావు గారు, “ఇంతకాలం ఎవరూ ఎందుకు చేయలేదంటారూ?” అన్నారు. చేయలేదంటే కష్టమని కాదు, కుదరదని అనుకున్నారు కాబట్టి అని డాక్టర్ సాబ్ జవాబు.

ఆపెయ్యమని చెప్పగలిగిన మనిషి

పై అధికారి గురించి మంచే రాస్తే ఎవరూ నమ్మరు. డాక్టర్ సాబ్ తప్పు కూడా రాస్తాను.

పసుపు ద్రావణం దారికి వచ్చాక ఆయనకు ఆశ పెరిగింది. మన రాజ్యంలో దొరికే నల్లటి క్రోమియం ఖనిజాన్నీ, రంగుల్లో వాడే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడు పొడినీ కూడా చూడాలన్నారు. సుబ్బారావు గారు వద్దన్నారు. నల్లరాయిలోకి వెలుగు పోదు, పొడి అంతా తిప్పికొడుతుంది, గీత ఎక్కడి నుంచి వస్తుంది అన్నారు. డాక్టర్ సాబ్ వినలేదు. ఒక వేసవి అంతా పొడిని నూరి, గాజు పలకల మధ్య నొక్కి, నూనెలో కలిపి చూశాం. ప్రతి పలకా నల్లగా మాడినట్టు వచ్చేది.

ఒకరోజు ఆయన ఆ పలకలన్నీ కిటికీ దగ్గర వరసగా నిలబెట్టి చాలాసేపు చూశారు. తరవాత గొంతు తగ్గించి నాతో అన్నారు: “నర్సింలూ, గిండ్ల నీ తప్పు లేదు, సుబ్బారావు తప్పు సుత లేదు. నాదే. గీ పని బంద్ జేయ్.” సుబ్బారావు గారి ఎదురుగానే అన్నారు. ఆ తరవాత దాని గురించి ఎవరినీ ఎత్తిపొడవలేదు, సాకులూ వెతకలేదు.

నా ఉద్యోగ జీవితంలో తెలివైన అధికారులను చాలామందిని చూశాను. తాను మొదలుపెట్టిన పనిని తానే ఆపగలిగినవాళ్లు అరుదు. మీ అధికారి ఎంత చదివాడో చూడకండి. ఆపెయ్యమని ఎప్పుడైనా చెప్పాడా చూడండి. చెప్పినవాడైతే అతని దగ్గర ఉండండి.

ఎల్లయ్య తూటాలు

మా మందపాటి గోడలు వేడిని ఆపాయి గాని అదురును ఆపలేకపోయాయి. బంగళా వెనక గుట్ట మీద వడ్డెరలు రాయి కొట్టేవారు. బంజారా హిల్స్ మీద కొత్తగా లేస్తున్న కోఠీలకు, అంటే పెద్ద పెద్ద మేడలకు, ఆ రాయే. బండకు బెజ్జం వేసి, మందు కూరి, తూటా పేల్చేవారు. పేలినప్పుడల్లా మా బల్ల మీద గాజు సామాను గణగణమనేది. రోజుల తరబడి పడుతున్న గీత ఆ ఒక్క క్షణంలో చెడిపోయేది.

వాళ్ల మేస్త్రీ ఎల్లయ్య. నేను మాట్లాడటానికి పోతే, పని ఆపమనడానికి వచ్చానని ముందే అర్థం చేసుకొని, సుత్తి కింద పెట్టకుండానే జవాబిచ్చాడు. “మీ దీపం ఊగితె మీకు గీత పోతది సారూ. నా తూటా ఆగితె గీ మందికి బువ్వ పోతది. జర మీరే చెప్పుండ్రి, ఏది ఆపాలె?”

తిరిగి వస్తుంటే బంగళా కింద కాలువ దగ్గర అతని భార్య పోచమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు కడవలు నింపుకుంటూ కనిపించారు. మా పాదరసం దీపం చుట్టూ ఎప్పుడూ నీళ్లు పారుతుండాలి, లేకపోతే వేడికి పగిలిపోతుంది. బంగళా బావి నుంచి మోటతో తోడి పైతొట్టి నింపి, అక్కడి నుంచి దీపం మీదుగా పారించి, గోరువెచ్చగా బయటికి వదిలేవాళ్లం. గుట్ట మీద నీళ్లు లేవు. మేం వదిలేసిన నీళ్లనే వాళ్లు మోసుకుపోతున్నారు.

మర్నాడు డాక్టర్ సాబ్‌ను అడిగి, బావి నుంచే చల్లటి నీళ్లు తోడుకోండి, మీ ఇష్టం వచ్చినన్ని అని ఎల్లయ్యకు చెప్పాను. ఏమీ ఆశించకుండా చెప్పానంటే అబద్ధం. అతనికీ అది తెలుసు. తూటాకు నిప్పు పెట్టే ముందు కబురు పంపిస్తానన్నాడు. కబురు రాగానే నేను పలకకు వెలుగు పోకుండా మూత వేసేవాణ్ణి. పేలుడు అయ్యాక, అదురు సద్దుమణిగాక తీసేవాణ్ణి. ఆ ఒప్పందం ఎప్పుడూ తప్పలేదు. ప్రయోగశాల బయటివాళ్లతో ఎలా మెలగాలన్నది ఏ తరగతిలోనూ చెప్పరు. కానీ సగం పలకలు ఆ మెలకువ మీదే బతుకుతాయి.

సన్న గీత

నారింజ ద్రావణం మీదికి వచ్చాం. అది ఆకుపచ్చను కూడా కొంత మింగుతుంది కాబట్టి బాగా పలచగా చేయాల్సి వచ్చింది. పలచన చేస్తే అణువులు తగ్గి గీతలు నీరసించాయి. అయినా పెద్ద గీతలు పడ్డాయి, పసుపువాటికంటే వేరే చోట. వాటికి దూరంగా, ఇంకో పక్కన, కనీ కనబడనట్టు ఒక సన్న గీత. వంతెన ఊగితే ఎక్కడ పడాలని లెక్క వేశామో దాదాపు అక్కడే. నేను చూశాను. సుబ్బారావు గారు చూశారు. డాక్టర్ సాబ్ చూసి, మళ్లీ తీయమన్నారు. మళ్లీ వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బయటి నుంచి ఒక ప్రొఫెసర్ తనిఖీకి వచ్చారు. యుద్ధం పనుల కోసం ఎక్కడెక్కడి మంచి పరికరాలనూ ఒక పెద్ద ప్రయోగశాలకు చేర్చాలన్న ఆలోచన నడుస్తోంది. మా వర్ణపట పరికరం ఇక్కడే ఉండాలా, పోవాలా అన్నది ఆయన చెప్పే మాట మీద ఉంది. అది పోతే మేం తోళ్ల కార్ఖానాలకూ రంగుల కార్ఖానాలకూ సామాను పరీక్షించి పంపే గుమస్తాలుగా మిగిలేవాళ్లం.

ఆయన మర్యాదస్తుడే. పలకను చాలాసేపు చూశారు. పెద్ద గీతలను ఒప్పుకున్నారు. సన్న గీత దగ్గర తల అడ్డంగా ఊపారు. అది ద్రావణం నుంచి వచ్చింది కాదు, పరికరంలోని అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ తిరిగి వేసిన దొంగ గీత అన్నారు. మళ్లీ మళ్లీ అక్కడే పడుతుందంటే అది పరికరం లోపమేననడానికి ఇంకా గట్టి సాక్ష్యం అన్నారు. తరవాత నేను ఎక్కడ చదివానని అడిగారు. చెప్పాను. ఫిజిక్స్ కూడా ఉర్దూలోనేనా అని, చిరునవ్వుతోనే అడిగారు. అవునన్నాను.

డాక్టర్ సాబ్ గొంతు వినబడనంతగా తగ్గిపోయింది. ఆయన మాట పూర్తయ్యేలోపు నేను మాట్లాడాను. నాకు ఇంగ్లీషు సరిగా రాదు. మధ్యలో ఉర్దూ వచ్చేసింది, డాక్టర్ సాబ్ దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో చెప్పారు. నేను చెప్పిందిది. ద్రావణాన్ని ఇప్పుడు పలచగా కాదు, చిక్కగా చేద్దాం. చిక్కటి నారింజ ద్రావణం ఆకుపచ్చను పూర్తిగా మింగేస్తుంది, దీపంలోని పసుపును మాత్రం పోనిస్తుంది. ఊదా అద్దాలు తీసేద్దాం. అప్పుడు ద్రావణం మీద పనిచేసేది పసుపు వెలుగు ఒక్కటే. పాదరసం పసుపు ఒంటరిది కాదు, పక్కపక్కన రెండు గీతల జంట. మా సన్న గీత పరికరం లోపమైతే పాత చోటే ఒంటరిగా పడుతుంది. ద్రావణం నుంచి వచ్చిందైతే అక్కడ కనబడకూడదు. ఇంతకుముందు ఆకుపచ్చ నుంచి ఎంత దూరంలో పడిందో ఇప్పుడు పసుపు నుంచి అంతే దూరం జరిగి, తనూ జంటగా పడాలి.

ప్రొఫెసర్ పెన్ను మూత పెట్టి నన్ను మొదటిసారి సరిగా చూశారు. దక్షిణాదిన ఇంకో రెండు చోట్ల పని ముగించుకొని మళ్లీ ఇదే దారిన వస్తానని, అప్పటికి జంట చూపించమని చెప్పి వెళ్లారు.

చివరి పలకలు

చెప్పడం తేలిక. ఆ జంట పడాల్సిన చోటు ఎరుపు వైపు. ఆ రంగును పట్టే పలకలు వేరు. అవి కొన్నే మిగిలాయి. మంచు గడ్డల మధ్య, రంపపు పొట్టులో దాచిపెట్టాం. వేడికి చాలావరకు చెడిపోయాయని మొదట తీసినవాటితోనే తెలిసింది, పలకంతా పొగ పట్టినట్టు వచ్చింది. బాగున్నట్టు కనిపించింది ఒకటి. దానికి తోడు ఇంకొకటి, అనుమానంగా.

సుబ్బారావు గారు ద్రావణం వడకట్టి, పారబోసి, మళ్లీ వడకట్టారు. ఈసారి నేను విసుక్కోలేదు. వెలుగు ఆగకుండా చాలా రోజులు పడాలి. ప్రతి తూటాకూ మూత వేస్తూ తీస్తూ ఉంటే ఈ పలకకు గడువు చాలదు. మళ్లీ ఎల్లయ్య దగ్గరికి పోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ పని చెడితే మా సామాను బండెక్కి పోతుందని, బంగళా కూడా ఖాళీ అవుతుందేమోనని.

“గుత్తేదారు నన్ను ఊకోడు సారూ,” అన్నాడు ఎల్లయ్య. ఈసారి సుత్తి కింద పెట్టాడు. “మందు లేకుండ మేకులు కొట్టి సుత చీల్చొచ్చు. పని పెరుగుతది, గంతే. మీ పని అయ్యేదాంక అట్లనే కొట్టిస్త. ఎండకాలం మీ నీళ్లు తాగి బతికినం.”

కొన్ని రోజులు గుట్ట మీద సుత్తుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. దీపం వెలుగుతోంది, నీళ్లు పారుతున్నాయి. నేను దాని పక్కన కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం పోచమ్మ ఖాళీ కడవతో పరుగున వచ్చింది. ఒగరుస్తూ, “సారూ, గుత్తేదారు ఒచ్చిండు. మీదనే నిలబడి తూటా పెట్టమంటుండు. మా ఆయన లడాయి జేస్తుండు గాని ఆగేటట్టు లేదు. మీ డబ్బా మూసుకోండ్రి,” అంది.

మూత వేశాను. సుబ్బారావు గారు ద్రావణం గొట్టాన్ని అరచేతులతో పట్టుకున్నారు. అలా పట్టుకుంటే లాభం లేదని ఆయనకూ తెలుసు. పేలింది. పై కప్పు నుంచి సున్నం పొడి రాలింది. గాజు సామాను మోగి ఆగింది.

ఇప్పుడు ఏం చేయాలి? అదురుకు పరికరం వెంట్రుకంత జరిగినా, ఇక ముందు పడే వెలుగు పక్కకు పడి, ఉన్న గీతను కూడా అలికేస్తుంది. అలా జరిగి ఉంటే ఇక్కడితో ఆపి, అనుమానంగా ఉన్న రెండో పలకతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్రొఫెసర్ వచ్చేలోపు అది పూర్తి కాదు. డాక్టర్ సాబ్ వచ్చి విషయం విన్నారు. “ప్లేట్ నీది, ఫైసలా నీది,” అని పక్కన నిలబడ్డారు.

పని మొదలుపెట్టిన రోజున నేను పరికరం పక్క దూరదర్శినిలో దీపం వెలుగు గీత మీదికి, గురి చూడటానికి అందులో బిగించి ఉండే సన్నటి సాలెపోగును తెచ్చి నిలబెట్టి ఉంచాను. ఎప్పుడూ అలా చేస్తాను, దానితో అవసరం పడేది మాత్రం చాలా అరుదు. ఇప్పుడు కన్ను పెట్టి చూశాను. పోగు గీత మీదే ఉంది, అంటే పరికరం జరగలేదు. కన్ను తీసి, తుడుచుకొని, మళ్లీ చూశాను. అక్కడే ఉంది. మూత తీసి, పని కొనసాగిద్దామన్నాను. ఎల్లయ్య ఆ రోజు గుత్తేదారుతో ఏం మాట్లాడాడో తెలియదు గాని, మళ్లీ తూటా పేలలేదు.

జంట

పలకను చీకటి గదిలో కడిగింది నేనే. కడిగి, ఆరబెట్టి, మధ్యాహ్నం వరండాలోకి తెచ్చి, తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దం పట్టాను. పాత చోట ఏమీ లేదు. పసుపు జంట నుంచి లెక్క వేసిన దూరంలో రెండు సన్న గీతలు, దీపం పసుపు ఎంత ఎడంగా ఉందో అంతే ఎడంగా, పక్కపక్కన. పెద్ద గీతలు కూడా ప్రతిదీ జంటగానే.

భూతద్దం సుబ్బారావు గారికి ఇచ్చాను. ఆయన చూసి, తల ఎత్తకుండానే “తెగలేదండీ వంతెన,” అన్నారు. డాక్టర్ సాబ్ కొలత బల్ల మీద పలకను పెట్టి తానే కొలిచారు. నన్ను మళ్లీ కొలవమన్నారు. ఇద్దరి కొలతలూ కలిశాయి.

ప్రొఫెసర్ తిరిగి వచ్చినప్పుడు డాక్టర్ సాబ్ ఆయనకు పలక ఇచ్చి, వివరించే పని నాకు వదిలారు. ఉర్దూలోనే చెప్పు, నేను తర్జుమా చేస్తానన్నారు. వివరించాల్సినంత పని పడలేదు. ప్రొఫెసర్ కుర్చీ లాక్కొని పలక మీదికి వంగి చాలాసేపు చూశారు. కొలత బల్ల దగ్గరికి తానే పోయి కొలిచారు. లేచి నా దగ్గరికి వచ్చి, తాను పొరబడ్డానని చెప్పి చేయి కలిపారు. తరవాత డాక్టర్ సాబ్ వైపు తిరిగి, ఉర్దూలో వర్ణపటాన్ని ఏమంటారని అడిగారు. డాక్టర్ సాబ్ నా వైపు చూశారు. “తైఫ్,” అన్నాను. ఆయన ఆ మాటను ఒకసారి పలికి చూసుకున్నారు. పరికరం ఉన్నచోటే ఉండాలని ఆయన చెప్పినట్టు తరవాత తెలిసింది.

నేర్చుకునేవాళ్లకు ఇక్కడ ఒక మాట. పదిసార్లు ఒకే చోట కనబడినంత మాత్రాన ఏదీ నిజమైపోదు. ప్రొఫెసర్ ఆ మాటలో సరిగ్గానే ఉన్నారు. ఆయన అడ్డం చెప్పకపోయి ఉంటే మేం సగం రుజువుతో సంతోషపడి ఊరుకునేవాళ్లం. మీరు చూసిందాన్ని కాదనే మనిషి దొరికితే పోట్లాడకండి. ఏం చూపిస్తే ఒప్పుకుంటారో అడగండి. వీలైతే మీరే చెప్పండి.

చాలా ఏళ్ల తరవాత

ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నేళ్లకు ఒక కొత్త ప్రయోగశాలలో లేజర్‌తో పనిచేసే రామన్ పరికరాన్ని చూడటానికి పిలిచారు. శారద అనే అమ్మాయి దాని మీద పరిశోధన చేస్తోంది. ఏం పెట్టి చూపించమంటారని అడిగింది. డైక్రోమేటు ద్రావణం ఉంటే పెట్టమన్నాను. ఎరుపు లేజర్ వేసింది. కాగితం మీద పెన్ను దానంతట అదే కదులుతూ శిఖరాలు గీసింది. నేను కుర్చీలో సర్దుకొని కూర్చునేలోపే అంతా అయిపోయింది. పెద్ద శిఖరాలకు దూరంగా ఒక చిన్న మిట్ట లేచింది.

“సార్, ఇది రెండు క్రోమియంల మధ్య ఆక్సిజన్‌ది,” అని నాకు వివరించింది శారద. చక్కగా వివరించింది. నేను పూర్తిగా విన్నాను. మొదట దీన్ని ఎవరు చూశారో తెలుసా అని అడిగాను. తెలియదంది. ఎక్కడో విదేశాల్లో అయ్యుంటుందంది.

“మొదట ఎవరు చూశారో నాకూ తెలీదమ్మా,” అన్నాను. “మేం మాత్రం ఎవరూ చెప్పకుండానే చూశాం. పంజాగుట్టలో.”

“పంజాగుట్టలోనా?” అంది. ఆమె రోజూ బస్సు మారేది అక్కడే. పెన్ను పక్కన పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకొని, ఎలా చూశారో చెప్పమంది.